ఏడో గుంటలో పుల్లని వాసన

"కోడి నెత్తురు మేడమ్," అన్నాడు మేస్త్రీ డెల్ఫిన్.

ఇన్‌స్పెక్టర్ లుర్దెస్ కబిగ్టింగ్ ఇంకా జీపు తలుపు కూడా వెయ్యలేదు. గడియారం చూసుకుంది. తొమ్మిదీ నలభై.

"నేనింకా ఏమీ అడగలేదు కదయ్యా?"

"అంటే... ఏడో గుంటలో నెత్తురుందని ఎవరో మీకు ఫోన్ చేశారట. అందుకని ముందే..."

"ఎవరో కాదు, మీ కూలీల్లోనే ఒకాయన చేశాడు. పద, చూపించు."

నిన్న సాయంత్రం అయిదూ పదికి హెర్మోహెనెస్ అనే అరవై ఎనిమిదేళ్ల పెద్దాయన ఇంట్లోంచి బయల్దేరాడు. గంటలో వస్తాను, చేప వేయించి ఉంచమని కూతురు పెట్రోనాకి చెప్పాడు. అయిదూ ఇరవైకి ఈ స్కూలు గేటు లోపలికి వెళ్లడం ఎదురుగా వేయించిన అరటిపళ్లు అమ్మే ఆవిడ కళ్లారా చూసింది. ఆవిడ ఏడింటికి బండి కట్టేసేదాకా ఆయన బయటికి రాలేదు. పొద్దున్నదాకా ఇంటికీ రాలేదు.

హెర్మో రిటైరైన సర్వేయరు. శాంటా ఎమరెన్సియానా అకాడమీ వాళ్లు లేపబోయే ఆరంతస్తుల భవనం కింద వాగుందనీ, దాన్ని పూడిస్తే దిగువ నాలుగు వీధులూ మునుగుతాయనీ రెండేళ్లుగా పేటంతటినీ కూడగట్టి పోరాడుతున్నది ఆయనే. వాగూ లేదు, గీగూ లేదు, అంతా ఎండు నేల అంటుంది స్కూలు. ఈరోజు మధ్యాహ్నం రెండింటికి సిటీ హాల్లో విచారణ. అర్జీదారు స్వయంగా హాజరు కాకపోతే అర్జీ కొట్టేస్తారు. ఇక్కడేమో పదకొండింటికి కాంక్రీటు లారీలు వస్తాయి. ఒకసారి కాంక్రీటు పడితే ఆ గుంటలో ఏముందో దేవుడికి కూడా తెలీదు.

గుంట చుట్టూ పేటవాళ్లు అప్పటికే మూగి ఉన్నారు. పెట్రోనా కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆమె నెత్తిన గొడుగు పట్టుకుని పేట సంఘం అధ్యక్షుడు రుఫీనో నిలబడ్డాడు. చేతిరుమాలుతో కళ్లొత్తుకుంటున్నాడు.

"మేడమ్, హెర్మో అన్న నాకు దేవుడిచ్చిన అన్న," అన్నాడు గద్గదంగా. "ఆయనకేమైనా అయితే ఈ స్కూలు గోడ మీద ఇటుక మిగలనివ్వం!"

"ఇటుకల సంగతి తరవాత. నిన్న అయిదు నుంచి ఏడింటిదాకా మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనే. ఊరేగింపుకి అట్టలు రాస్తున్నాను. ఇవాళ సిటీ హాలుకి అందరం నడిచే వెళ్దామనుకున్నాం."

లుర్దెస్ తల ఊపి డెల్ఫిన్ వైపు తిరిగింది. నలభై దాటిన మనిషి. బూట్లకి సిమెంటు, మొహానికి చెమట. పొద్దున్నే అంత చెమట పట్టేంత ఎండేమీ లేదు.

"ఇప్పుడు చెప్పు. కోడిని ఎప్పుడు కోశావు?"

"ఆరింటికి. పునాదికి నెత్తురు చిలకరించకపోతే పనివాళ్లకి కీడు జరుగుతుంది కదా. మీకు తెలియందేముంది?"

"నాకు తెలుసు. మా నాన్న ముప్ఫయ్యేళ్లు తాపీ పట్టుకున్నాడు. కోడి ఏ రంగు?"

"ఎర్ర పుంజు."

"ఎవరు పట్టుకున్నారు, ఎవరు కోశారు?"

"నేనే పట్టాను. నేనే కోశాను."

"ఎవరు వండారు?"

లుర్దెస్ షెడ్డు వైపు చూసింది. పదహారు మంది కూలీలు వరసగా కూచుని అన్నంలో ఎండు చేప నంజుకుంటున్నారు. పునాదికి కోసిన కోడిని ఆ పూటే పులుసు పెట్టుకుని అందరూ కలిసి తినకపోతే ఆ నెత్తురు చిలకరించినట్టే కాదు. పదహారు మంది కూలీల మధ్య కోడి తెగితే ముక్క మాట దేవుడెరుగు, ఎముక కూడా మిగలదు. ఇక్కడ పొయ్యి మీద కుండ కూడా లేదు.

"ఏమయ్యా, పులుసేది?" అని షెడ్డులోకి కేకేసింది.

"పులుసా!" అని నవ్వాడు ఒక ముసలి కూలీ. "పదిరోజుల కిందట తిన్నాం తల్లీ. మొదటి గుంట తవ్విన రోజు. మునగాకు వేసి, పచ్చి బొప్పాయి ముక్కలు వేసి... ఆహా! మళ్లీ ఇంకో కోడి ఎవడిస్తాడు మాకు?"

"ఒక కట్టడానికి ఎన్నిసార్లు కోస్తారు తాతా?"

"ఒక్కసారే. రెండోసారి కోస్తే మొదటిది చెల్లలేదని ఒప్పుకున్నట్టు. అలాంటి పని ఎవడైనా చేస్తాడా?"

డెల్ఫిన్ తల దించేసుకున్నాడు. లుర్దెస్ బూట్లు విప్పి, ప్యాంటు మడతపెట్టి, నిచ్చెన మీంచి ఏడో గుంటలోకి దిగింది.

మనిషిన్నర లోతు. మధ్యలో ఇనుప ఊచలు కట్టిన బోను దించి ఉంది. దాని వెనక, తూర్పు గోడకి ఒక పెద్ద సెంట్రింగ్ చెక్క ఆనించి ఉంది. దాని ముందు మట్టి మీద నెత్తురు, చేటంత మేర, నల్లగా ఎండి, ఈగలు ముసురుతూ. మోకాళ్ల మీద కూచుని ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది.

పుల్లటి వాసన. వెనిగర్.

కోడి గొంతులోంచి వెనిగర్ కారదు, మనిషి గొంతులోంచీ కారదు. బజారులో పంది నెత్తురు డబ్బాల్లో అమ్ముతారు, కూరకి. పేరుకుపోకుండా వెనిగర్ కలుపుతారు. అంటే ఎవడో వంటకి తెచ్చిన నెత్తుటిని ఇక్కడ ఒంపాడు. నెత్తుటి మీద నెత్తురు పోస్తే పోలీసులకి ఏది ఏదో తెలీదనుకున్నాడు కాబోలు, తెలివిగలవాడు!

పంది నెత్తురు నేల మీదే ఉంది. సెంట్రింగ్ చెక్క అంచున, మోకాలెత్తులో మాత్రం ఇంకో మరక ఉంది. వేలెడంత. దానికి రెండు నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. లుర్దెస్ వాటిని కాగితంలో మడిచింది.

"డెల్ఫిన్, ఈ చెక్క వెనకేముంది?"

"మట్టి మేడమ్. జారకుండా ఆనించాం."

"ఊచల బోను ఎప్పుడు దించారు?"

"ఏడింటికి."

"తీయించు."

"తియ్యడం కుదరదు. అడుగున వెల్డింగ్ చేశాం. కొయ్యాల్సిందే."

"అయితే కొయ్యండి."

"ఎవరూ ఏమీ కొయ్యరు," అంది పైనుంచి ఇంకో గొంతు.

గొంతు వినగానే లుర్దెస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. మేజర్ ఆర్సెనియో, టౌన్ పోలీస్ స్టేషన్ అధికారి. ఇద్దరూ ఒకే బ్యాచ్. ట్రైనింగులో ఈమె గురి కొడితే ఆయన చప్పట్లు కొట్టేవాడు. తరవాత ఈమె కేసులు పట్టుకుంటే ఆయన పెద్దమనుషుల్ని పట్టుకున్నాడు. ఇప్పుడాయన భుజం మీద నక్షత్రాలు ఎక్కువ.

"పది దాటి అయిదు నిమిషాలు," అంది లుర్దెస్, నిచ్చెనెక్కుతూ. "పక్కవీధిలో నీ స్టేషను. మనిషి కనిపించట్లేదని పెట్రోనా నీ దగ్గరికొచ్చింది పొద్దున్న ఆరున్నరకి. ఇప్పటికి తెల్లారిందా నీకు?"

"ఆ కేసు ఎప్పుడో తేలిపోయింది. ఆయన చెప్పులూ సంచీ బస్ స్టాండులో దొరికాయి. ఊరొదిలి పోయాడు. ఈ వయసులో ఏ కొత్త ఆవిడ కోసమో, మనకెందుకు?"

పెట్రోనా చివ్వున తలెత్తింది. "మా అమ్మ పోయి పదేళ్లయింది సార్. మా నాన్న ఇంకా ఆవిడ కప్పు కడిగి పక్కన పెట్టుకుని కాఫీ తాగుతాడు. నోరు జాగ్రత్త."

"చెప్పులు వదిలేసి వట్టికాళ్లతో బస్సెక్కాడా ఆర్సెనియో?" అంది లుర్దెస్. "గుమ్మం బయట చెప్పులు విప్పడానికి బస్సేమైనా ఇల్లనుకున్నాడా?"

కూలీలు కిసుక్కుమన్నారు. ఆర్సెనియో మొహం కందగడ్డలా అయింది.

"శవం లేదు. కేసు లేదు. ప్రైవేటు స్థలంలో పని ఆపడానికి నీ దగ్గర కోర్టు కాగితం లేదు. పదకొండింటికి కాంక్రీటు పడుతుంది. అడ్డం నిలబడితే నిన్నే లాగించి పారేస్తాను."

"మీ అమ్మాయి ఏ స్కూల్లో చదువుతోంది?"

"ఏంటి?"

"ఇక్కడే కదా? ఫీజు లేకుండా?"

ఆయన కళ్లు ఒక్క క్షణం పక్కకి జారాయి. చాలు. లుర్దెస్‌కి నోట్లో చేదు ఊరింది. ఉమ్మేద్దామనుకుని, పేటవాళ్ల పిల్లలు చూస్తున్నారని మింగేసింది.

పదీ ఇరవైకి స్కూలు డైరెక్టరు డాక్టర్ ఒఫేలియా సన్‌దికో వచ్చింది. తెల్లటి దుస్తులు, మెడలో ముత్యాలు, పక్కన లాయరు. వెనకాల క్యాంటీన్ వంటామె బసిలియా పెద్ద పళ్లెం మోసుకొచ్చింది. పళ్లెంలో తెల్లటి ఆవిరి కుడుములు, పొగలు కక్కుతూ.

"పాపం, పొద్దుటి నుంచీ ఏమీ తినుండరు. తీసుకోండి ఇన్‌స్పెక్టర్," అంది డాక్టర్, పెళ్లి భోజనాలు వడ్డిస్తున్నంత తియ్యగా. "పెద్దాయన కోసం మా పిల్లలు ప్రార్థన కూడా చేశారు. మాకు ఎవరి మీదా కోపం లేదు. నాకొకటే బాధ. వెయ్యి మంది పిల్లల భవిష్యత్తుకి ఈ... ఈ వాడవాళ్లు అడ్డం పడుతున్నారు. చదువు విలువ తెలిస్తే కదా వాళ్లకి."

పేటవాళ్లలో గొణుగుడు లేచింది. రుఫీనో గొడుగు పైకెత్తి "మా ఇళ్లు మునిగితే మీ చదువు ఎవరికి?" అని అరిచాడు. అందరూ అందుకున్నారు.

లుర్దెస్ ఆ గోలేమీ వినిపించుకోలేదు. కుడుముల వైపే చూస్తోంది.

"బసిలియా, ఇవాళ బుధవారం కదా?"

"అవునమ్మా."

"బుధవారం మీ క్యాంటీన్లో ఏం పెడతారు?"

"కుడుములూ, నెత్తుటి కూరా అమ్మా. పిల్లలు బుధవారం కోసం ఎదురుచూస్తారు. ఎప్పుడూ అదే."

"మరి కుడుములొచ్చాయి, కూరేది?"

ఈ ఊళ్లో ఆ రెంటినీ ఎవరూ విడదియ్యరు. కూర లేకుండా కుడుములు ఎవడూ ఆవిరికి పెట్టడు. బసిలియా మొహం చిన్నబోయింది. అదేదో తన వంటకి వచ్చిన మాట అనుకుంది పాపం.

"నేను అయిదింటికే పిండి పెట్టేశానమ్మా. తీరా చూస్తే నెత్తురు డబ్బాలు రెండూ ఖాళీ. ఒలికిపోయిందన్నారు. ఒలికితే నేల మీద మరకైనా ఉండాలి కదా? నేల అద్దంలా ఉంది. సరే, యజమాని మాటకి ఎదురు చెప్తామా?"

"ఎవరు మీ యజమాని?"

"రుఫీనో గారే. పేరుకి వాళ్ల మరదలి పేరు పెట్టారు గానీ, మూడు నెలల నుంచీ క్యాంటీన్ ఆయనదే కదమ్మా. రోజూ వెనక గేటు నుంచి వస్తారు. ఇవాళైతే అయిదున్నరకే వచ్చారు." ఆమె అమాయకంగా గుంపులోకి చూపించింది. "అదిగో, గొడుగు పట్టుకుని ఉన్నారు."

నినాదాలు టక్కున ఆగిపోయాయి. ఒక్కొక్కళ్లే రుఫీనో నుంచి అడుగు దూరం జరిగారు. అందరికన్నా ముందు పెట్రోనా జరిగింది.

ఛీ! మధ్యాహ్నం ఆ స్కూలు పిల్లలకి కూర వడ్డించి, సాయంత్రం ఆ స్కూలు నశించాలని అరిచాడు మూడు నెలలు. ఆ అరుపులు విని ముసలమ్మలు మోకాళ్ల నొప్పులతో ఊరేగింపుల్లో నడిచారు. లుర్దెస్ హంతకుల్ని చూసింది, దొంగల్ని చూసింది. ఇంత అసహ్యం ఎవరి మీదా పుట్టలేదు.

"నిన్న ఇంట్లో అట్టలు రాస్తున్నావా రుఫీనో?" అంది మెల్లగా. "పొద్దున్నే వంటకి తెచ్చిన నెత్తురు ఎందుకు ఒంపాల్సొచ్చింది? కింద ఎవరి నెత్తురుందని?"

"నాకేం తెలీదు! ఈ వంటామె అబద్ధాలు..."

"చెక్క అంచున రెండు నెరిసిన వెంట్రుకలు దొరికాయి నాకు. నీ జుట్టు నల్లగా ఉంది. రంగేసుకున్నావనుకో, అది వేరే సంగతి."

రుఫీనో చేతిలో గొడుగు జారిపోయింది. పెట్రోనా వెళ్లి అతని చొక్కా కాలరు పట్టుకుంది. కొట్టలేదు. "మా నాన్న నిన్ను నమ్మి వచ్చాడా? నువ్వే పిలిచావా?" అని అడిగింది.

"నేను తొయ్యలేదు తల్లీ!" అతను భోరుమన్నాడు. "వాగు చూపించే పాత మ్యాపు ఆయన దగ్గరుంది, అది ఉంటేనే అర్జీ నిలబడుతుంది. అది ఇచ్చెయ్యమని అడిగాను. సంచీ గుంజాను, అంతే. కాలు జారి గుంటలో పడ్డాడు. తల చెక్కకి కొట్టుకుంది. ఊపిరి లేదనుకున్నాను..."

"తరవాత?"

"ఆ చెక్క వెనక... పాత తూముంది. అందులోకి తోసి, చెప్పులూ సంచీ బస్ స్టాండులో పడేశాను."

"అంటే వాగు నిజంగానే ఉందన్నమాట," అంది లుర్దెస్, డాక్టర్ ఒఫేలియా వైపు చూస్తూ.

"ఎవరో తాగుబోతు మాటలు," అంది ఒఫేలియా. ముత్యాలు సర్దుకుంది. "నాకూ దీనికీ సంబంధం లేదు."

"లేదా?" డెల్ఫిన్ గొంతు పగిలిపోయింది. "ఆరూ పదికి ఫోన్ చేసి కోడి నెత్తురని చెప్పమన్నది మీరు కాదా డాక్టర్ గారూ? లేకపోతే పదహారు మందికీ పని పోతుందన్నారు. మనిషి ఉన్నాడని చెప్పలేదు నాకు! మనిషి ఉన్నాడంటే నేను ఆ బోను దించేవాణ్ణా?"

పదీ యాభై. మొదటి మిక్సర్ లారీ గేటు దాటి లోపలికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. లుర్దెస్ రెండంగల్లో గుంట అంచుకి చేరి, నిచ్చెన కూడా వాడకుండా లోపలికి దూకింది.

"ఇప్పుడు పొయ్యమను ఆర్సెనియో," అని అరిచింది కిందినుంచి. "నా నెత్తి మీద పొయ్యమను. కాగితం కావాలంటే నా ఒళ్లే కాగితం."

లారీ డ్రైవరు ఆర్సెనియోని అడక్కుండానే ఇంజను ఆపేశాడు. లుర్దెస్ జనరేటరు కూడా ఆపమంది. ఎవరో పరిగెత్తి ఆపారు. పొద్దుటి నుంచీ చెవుల్లో హోరెత్తిన ఆ చప్పుడు పోయేసరికి గుంటలో ఈగల రొద తప్ప ఏమీ లేదు.

ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చి, రాయితో ఆ చెక్క మీద మూడుసార్లు కొట్టింది.

ఏమీ లేదు.

మళ్లీ మూడుసార్లు.

లోపలెక్కడో, చాలా లోతునుంచి, ఇనుము మీద గోటితో తట్టినట్టు మూడు చప్పుళ్లు వచ్చాయి.

పెట్రోనా కేక పెట్టింది. కూలీలు షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చారు. డెల్ఫిన్ కటింగ్ మిషను చంకనేసుకుని గుంటలోకి దూకాడు, ఎవరు వద్దంటున్నా వినకుండా ముసలి కూలీ కూడా అతని వెనకే దిగాడు. ఊచల సందులోంచి గడ్డపార పెట్టి చెక్క పై మూల పగలగొట్టారు. పిడికిలి పట్టేంత కన్నం పడింది. అందులోంచి చల్లటి గాలి, బురద వాసన, నీళ్ల గలగల.

డెల్ఫిన్ మొహం పాలిపోయింది. "మేడమ్... కొండల్లో తెల్లవారుజాము నుంచీ వాన. తూము దిగువ మూతి పోయిన వారం మేమే మూసేశాం, వాగు కనపడకూడదని చెప్తే. నీళ్లకి పోయే దారి లేదు. ఈ ఊచలు కోసి మనిషిని తియ్యాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది."

"ఈలోపు?"

"నీళ్లు తోడాలి. పెద్ద మోటారుంది, స్టోరు గదిలో. తాళం డాక్టర్ గారి దగ్గర."

లుర్దెస్ తలెత్తింది. గుంట అంచున ఒఫేలియా, లాయరు, ఆర్సెనియో. వాళ్ల చుట్టూ పేట మొత్తం. పేటవాళ్ల చేతుల్లో ఫోన్లు, అన్నీ వీడియో తీస్తున్నాయి.

"తాళాలివ్వండి!"

లాయరు వంగి ఒఫేలియా చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పి ఉంటాడో గుంటలోని మేస్త్రీకి కూడా అర్థమైంది. ఇంతమంది ముందు మోటారు పెడితే నీళ్లొస్తాయి. నీళ్లొస్తే వాగున్నట్టు. వాగుంటే రెండింటికి విచారణలో అనుమతి రద్దు. ఒఫేలియా తన చేతిసంచీని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది.

"ఏ నీళ్లు ఇన్‌స్పెక్టర్?" అంది. గొంతు ఏమాత్రం వణకలేదు. "ఇక్కడ వాగు లేదు. లేని నీళ్లకి నేను మోటారు ఇవ్వను."

ఆమె పక్కనే, చెయ్యి చాపితే ఆ సంచీ అందేంత దగ్గరలో ఉన్న ఆర్సెనియో తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

అప్పుడు కన్నంలోంచి గొంతు వచ్చింది. బొంగురుగా, పళ్లు టకటకలాడుతూ.

"ఎవరమ్మా అక్కడ?"

"పోలీసులం పెద్దాయనా! లుర్దెస్‌ని. మీ పెట్రోనా పైనే ఉంది. కాసేపు ఓర్చుకోండి, వచ్చేస్తున్నాం!"

"వినపడింది తల్లీ, ఆవిడన్నది." ఒక దగ్గు. ఆ దగ్గు సగంలో నీళ్లు మింగినట్టు తెగిపోయి, మళ్లీ వచ్చింది. "ఆవిడకి చెప్పు... ఆ లేని వాగు ఇప్పుడు నా గడ్డం దాకా వచ్చింది."